‘తరచూ’ అన్న మాట ఎక్కడ కూర్చోవాలి

ఒక ఇంగ్లీషు వాక్యం చూడండి. గ్రంథాలయం నోటీసు బోర్డు మీద కనబడితే ఎవరూ తప్పు పట్టని వాక్యం: “యాజ్ ఎ జనరల్ రూల్, అవర్ లైబ్రరీ యూజువల్లీ టెండ్స్ టు హోల్డ్ ఇట్స్ యాన్యువల్ బుక్ ఫెయిర్ ఎవ్రీ ఇయర్ ఇన్ జనవరి ఆన్ ఎ రెగ్యులర్ బేసిస్.” మా గ్రంథాలయం ఏటా పుస్తక ప్రదర్శన పెడుతుంది, అది మామూలుగా జనవరిలో వస్తుంది అన్నదే సంగతి. వ్యాకరణం ప్రకారం ఇందులో దోషం లేదు. కర్తా క్రియా కుదిరాయి, ప్రిపొజిషన్లు ఉండాల్సిన చోటే ఉన్నాయి. అయినా చదువుతుంటే బరువు తెలుస్తుంది. ‘ఎంత తరచు’ అన్న ఒకే ప్రశ్నకు ఇందులో ఆరు చోట్ల జవాబుంది: యాజ్ ఎ జనరల్ రూల్, యూజువల్లీ, టెండ్స్ టు, యాన్యువల్, ఎవ్రీ ఇయర్, ఆన్ ఎ రెగ్యులర్ బేసిస్.

అనుభవమున్న కాపీ ఎడిటర్ చేతిలో పడితే ఇది ఇలా తేలుతుంది: “అవర్ లైబ్రరీ యూజువల్లీ హోల్డ్స్ ఇట్స్ యాన్యువల్ బుక్ ఫెయిర్ ఇన్ జనవరి.” 22 మాటలు 10 అయ్యాయి. పొడవు తగ్గడం చిన్న సంగతి. నాకు ముచ్చటేసేది మరొకటి: ఆరింటిలో నాలుగు పోయి రెండు మిగిలాయి. యూజువల్లీ, యాన్యువల్ రెండూ తరచుదనం చెప్పే మాటలే కదా, ఒకటి చాలదా? చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే, ఇంగ్లీషు వాక్యంలో ఈ పని చేసే భాగాలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

అన్నిటికన్నా ముందు క్రియ. “ది టెన్ ఓక్లాక్ బస్ స్టాప్స్ హియర్.” పది గంటల బస్సు ఇక్కడ ఆగుతుంది. ఇందులో ‘రోజూ’ లేదు, ‘ఎప్పుడూ’ లేదు. అయినా ఇది ఇవాళ్టి ఒక్క బస్సు సంగతి కాదనీ, ఆ బస్సు నడిచే పద్ధతి అనీ వినగానే తెలుస్తుంది. ఇప్పుడు జరుగుతున్నదానికి ‘ఈజ్ స్టాపింగ్’ వేరుగా ఉంది. రేపు జరగబోయేదానికి ‘విల్ స్టాప్’ ఉంది. ఆ రెండూ తమ తమ పనులు పంచుకోవడంతో, ‘స్టాప్స్’ అన్న సాదా రూపానికి దాదాపుగా అలవాటును చెప్పడమే వృత్తిగా మిగిలింది. పైన లెక్కపెట్టిన ఆరింటికీ తోడు ఇది ఏడోది. నోరు విప్పకుండా పనిచేస్తుంది కాబట్టి లెక్కలోకి రాదు.

ఇలాంటి రూపానికి మన వ్యాకరణం తద్ధర్మార్థకం అని పేరు పెట్టింది. ‘పక్షులు ఎగురును’ అంటే ఇప్పుడు ఎగురుతున్నాయని కాదు, ఎగరడం వాటి ధర్మం అని. ఇవాళ్టి వాడుక తెలుగులో మాత్రం ఆ గీత చెరిగింది. ‘ఆయన పదింటికి వస్తాడు’ అంటే రేపు వస్తాడనీ కావచ్చు, రోజూ వచ్చే వేళ అదనీ కావచ్చు. ఏదో తేలాలంటే ‘రోజూ’ చేర్చాలి, లేదా ‘వస్తుంటాడు’ అనాలి. అంటే తెలుగులో ఆ ‘రోజూ’ అవసరమై వచ్చిన మాట. ఆ అవసరాన్ని అలాగే మోసుకెళ్లి ఇంగ్లీషులో దించుతాం కాబట్టే మన ఇంగ్లీషులో ‘డైలీ’ అంత ధారాళంగా దొర్లుతుంది. “ఐ యామ్ డైలీ గోయింగ్ బై బస్” అన్న వాక్యంలో, అలవాటు మోయలేని క్రియారూపాన్ని ఎంచుకుని ఆ లోటును ‘డైలీ’తో పూడ్చుతున్నాం. “ఐ గో బై బస్” అంటే పూడ్చాల్సిన లోటే లేదు.

క్రియ అలవాటును మోస్తున్నప్పుడు ఆల్వేస్, యూజువల్లీ, ఆఫెన్, సమ్‌టైమ్స్, సెల్డమ్, నెవర్ లాంటి మాటలకు మిగిలే పని ఏమిటి? ఆ అలవాటుకు కొలత ఇవ్వడం. ఇక్కడే ఒక విశేషముంది. పది గంటల బస్సు ‘యూజువల్లీ స్టాప్స్’ అన్నామనుకోండి, వాక్యం బలపడలేదు, సడలింది. మాట చేర్చకముందు అది నియమం. చేర్చాక, కొన్ని రోజులు ఆగకపోవచ్చునన్న హెచ్చరిక వచ్చి చేరింది. ‘ఆల్వేస్ స్టాప్స్’ అంటే, ఆగదేమోనని ఎవరో సందేహించారు, వాళ్లకిది జవాబు. అలాంటి సందేహం లేని చోట ఆల్వేస్‌కు పనిలేదు. కాబట్టి క్రియ ఇచ్చిన మామూలు అర్థం నుంచి అటో ఇటో జరగాల్సి వచ్చినప్పుడే ఈ మాటలు రావాలి. ఊరికే వచ్చినా అవి ఊరికే కూర్చోవు, అర్థాన్ని కొంచెం కదిపే పోతాయి. అనవసరపు మాట అంటే కేవలం వృథా మాట అనుకుంటాం. ఈ జాతి మాటల విషయంలో అది పొరపాటు చెప్పే మాట కూడా కావచ్చు.

వీటి చోటు కూడా ఖచ్చితమైనదే. ప్రధాన క్రియకు ముందు కూర్చుంటాయి: ‘షి ఆఫెన్ రైట్స్’. ‘బి’ క్రియ అయితే దాని వెనక్కి వెళతాయి: ‘షి ఈజ్ ఆఫెన్ లేట్’. సహాయక క్రియ ఉంటే దానికీ ప్రధాన క్రియకీ మధ్య ఇముడుతాయి: ‘షి హ్యాజ్ ఆఫెన్ రిటెన్’. నిషేధం వచ్చినప్పుడు ఈ అమరిక సున్నితం పూర్తిగా బయటపడుతుంది. “షి ఆఫెన్ డజంట్ రిప్లై” అంటే ఆవిడ జవాబివ్వని సందర్భాలు చాలా ఉన్నాయి. “షి డజంట్ ఆఫెన్ రిప్లై” అంటే ఆవిడ జవాబివ్వడమే అరుదు. మొదటి వాక్యంలోని మనిషి మరెన్నో ఉత్తరాలకు జవాబిచ్చి ఉండొచ్చు, రెండో వాక్యంలోని మనిషికి ఆ అవకాశం లేదు. అవే నాలుగు మాటలు. ఒక్క మాట ఒక అడుగు జరిగింది, మనిషి స్వభావమే మారిపోయింది.

ఈ మాటలు మధ్యలో ఇమడటం వల్ల ఇంకో లాభముంది. ఇంగ్లీషు వాక్యంలో బరువు సాధారణంగా చివరి మాట మీద పడుతుంది. పాఠకుడికి కొత్తగా చెప్పదలచింది అక్కడ పెడతారు. గ్రంథాలయం వాక్యంలో కొత్త సంగతి జనవరి. కానీ మొదటి రూపంలో ఆ స్థానాన్ని ‘ఆన్ ఎ రెగ్యులర్ బేసిస్’ ఆక్రమించింది, జనవరి దాని నీడలో ఉండిపోయింది. ఎడిటర్ ఆ తోకను తీసేయగానే జనవరి వాక్యం చివరికి వచ్చింది. కొత్తగా ఏమీ రాయలేదు, ఏదీ చోటు మార్చలేదు, తీసివేతతోనే ప్రాధాన్యం సరైన మాట మీదికి చేరింది. పనితనం అంటే నాకు ఇలాంటిదే గుర్తొస్తుంది.

ఇప్పుడు యూజువల్లీ, యాన్యువల్ రెండూ ఎందుకు ఉండాలన్న ప్రశ్న. దీనికి బాగా వెలుగునిచ్చినవాడు అమెరికన్ తత్వవేత్త డేవిడ్ లూయిస్. 1975లో వచ్చిన ఒక వ్యాసంలో ఆయన ఆల్వేస్, యూజువల్లీ, సెల్డమ్ లాంటి మాటలు లెక్కపెట్టేది కాలాన్నేనా అని అడిగాడు. మనమంతా కాలాన్నే అనుకుంటాం. కానీ “ప్రైమ్ నంబర్స్ ఆర్ ఆల్మోస్ట్ ఆల్వేస్ ఆడ్” అన్న వాక్యం చూడండి. ప్రధాన సంఖ్యలు దాదాపుగా ఎప్పుడూ బేసి సంఖ్యలే. ఇక్కడ ‘ఎప్పుడూ’ అంటే పొద్దున్నా సాయంత్రం అని కాదు కదా. మూడు అనే సంఖ్య ఏ వేళప్పుడైనా బేసిదే. రెండు అన్న ఒక్క సంఖ్యను మినహాయిస్తే మిగతా ప్రధాన సంఖ్యలన్నీ బేసివి అని వాక్యం చెబుతోంది. అంటే ఆల్వేస్ లెక్కపెట్టింది గడియలను కాదు, సందర్భాలను. లూయిస్ చూపించింది అదే: ఈ మాటలు వాక్యం ముందుపెట్టిన సందర్భాల గుంపులో ఎన్నింటికి ఆ వాక్యం వర్తిస్తుందో చెబుతాయి. ఆ గుంపు రోజులది కావచ్చు, అంకెలది కావచ్చు, మనుషులది కావచ్చు.

దీంతో గ్రంథాలయం వాక్యం విడిపోతుంది. యాన్యువల్ లెక్కపెట్టేది ప్రదర్శనలను: ఏడాదికొకటి. యూజువల్లీ లెక్కపెట్టేది అలా పోగైన ప్రదర్శనల్లో జనవరిలో జరిగినవాటిని: ఎక్కువ భాగం. రెండింటి గుంపులూ వేరు, కొలతలూ వేరు. యూజువల్లీ తీసేస్తే ప్రతి ప్రదర్శనా జనవరిలోనే అని మాట ఇచ్చినట్టవుతుంది, ఫిబ్రవరికి జరిగిన ఏడాది ఆ మాట తప్పుతుంది. యాన్యువల్ తీసేస్తే ఏటా జరుగుతుందన్నది చెప్పని సంగతిగా పాఠకుడి ఊహకు మిగులుతుంది. ఇక మిగతా నాలుగింటినీ ఇదే పరీక్షకు పెట్టండి. ‘ఎవ్రీ ఇయర్’ తీస్తే ఏమీ మారదు, యాన్యువల్ చెప్పేసింది. ‘టెండ్స్ టు’, ‘యాజ్ ఎ జనరల్ రూల్’ తీస్తే ఏమీ మారదు, యూజువల్లీ చెప్పేసింది. ‘ఆన్ ఎ రెగ్యులర్ బేసిస్’ ఏ గుంపునూ కొలవడం లేదు. ఎడిటర్ చేతి వెనకున్న తర్కం ఇది. చాలామంది మంచి ఎడిటర్లు దీన్ని ఇంత పొడుగ్గా ఎవరికీ చెప్పరు, లూయిస్ పేరు విని ఉండకపోవచ్చు కూడా, కానీ వాళ్ల పెన్సిల్ సరిగ్గా ఈ గీత మీదే నడుస్తుంది.

‘రెగ్యులర్’ గురించి ఒక మాట. రెగ్యులర్లీ అంటే తరచుగా అని చాలామంది అనుకుంటారు. అసలు అర్థం క్రమం తప్పకుండా అని. హేలీ తోకచుక్క రెగ్యులర్‌గానే వస్తుంది, సుమారు 76 ఏళ్లకోసారి. 1986లో వచ్చింది, మళ్లీ 2061లో వస్తుంది. దాన్ని తరచుగా వచ్చే అతిథి అనలేం. క్రమానికీ తరచుదనానికీ ఉన్న ఈ తేడా తెలిసిన చేయి రెగ్యులర్లీని ఆఫెన్‌కు బదులుగా వాడదు.

బయటికి కనిపించే మాటలను కోయడం తేలిక. ఇతర మాటల కడుపులో దాగిన తరచుదనాన్ని గుర్తుపట్టడం దగ్గరే అసలు నైపుణ్యం తెలుస్తుంది. ‘ఫ్రీక్వెంట్’ క్రియగా వచ్చినప్పుడు ఒక చోటికి తరచుగా వెళ్లడమని దాని అర్థంలోనే ఉంది, ముందు ఆఫెన్ పెడితే ఒక మాట పని రెండు మాటలు చేసినట్టు. ‘కాన్’ మరీ నేర్పరి. “హైదరాబాద్ కాన్ బి కోల్డ్ ఇన్ జనవరి” అన్నప్పుడు ఆ కాన్ శక్తినీ చెప్పడం లేదు, అనుమతినీ ఇవ్వడం లేదు. జనవరిలో హైదరాబాద్ ఒక్కోసారి చలిగా ఉంటుంది అంటోంది. ‘ఒక్కోసారి’ అన్న భావం మొత్తం ఆ చిన్న మాటలో ఉంది. అందుకే ‘కాన్ సమ్‌టైమ్స్ బి’ అన్న చోట జాగ్రత్తపరుడు రెండింటిలో ఒకదాన్నే ఉంచుతాడు. గతానికి ‘వుడ్’ ఉంది. “ఎవ్రీ సమ్మర్ వి వుడ్ గో టు ది రివర్” అన్న వాక్యంలో వుడ్ పాత అలవాటును చెబుతుంటే ‘ఎవ్రీ సమ్మర్’ అది ఎప్పటి అలవాటో చెబుతోంది. రెండూ ఉండాలి. దానికి ‘యూజువల్లీ హ్యాడ్ ఎ హ్యాబిట్ ఆఫ్’ తగిలిస్తే మాత్రం చేరేది బరువే.

నాకు మరీ ఇష్టమైన జంట ‘హార్డ్లీ ఎవర్’, ‘రేర్లీ ఎవర్’. పైకి కవలల్లా ఉంటాయి. మొదటిదాన్ని అందరూ ఒప్పుకుంటారు, రెండోదాన్ని చూసి ఎడిటర్లు నొసలు చిట్లిస్తారు. కారణం చక్కనిది. హార్డ్లీ అంటే ‘దాదాపు లేనట్టే’ అన్న పరిమాణమే తప్ప, అందులో కాలం ఊసు లేదు. కాబట్టి కాలాన్ని తెచ్చే ఎవర్ దాని పక్కన ఉండి తీరాలి. ఎవర్ తీసేస్తే “హి హార్డ్లీ రీడ్స్” అవుతుంది, అర్థం తూగు మారుతుంది. రేర్లీ అంటే అప్పటికే ‘ఎప్పుడో గానీ’. కాలం లోపలే ఉంది. దానికి ఎవర్ చేరిస్తే కొత్తగా వచ్చేదేమీ లేదు. రెండు పదబంధాల్లోనూ ఎవర్ ఒకటే. ఒక చోట కీలు, ఇంకో చోట వేలాడే ముక్క.

ఈ భాగాల పుట్టుక చూస్తే గౌరవం ఇంకా పెరుగుతుంది. వన్స్, ట్వైస్, థ్రైస్ మాటల చివర వినిపించే ‘స్’ ధ్వని బహువచనం కాదు. పాత ఇంగ్లీషులో షష్ఠీ విభక్తి ప్రత్యయానికి క్రియావిశేషణాలను తయారుచేసే పని కూడా ఉండేది. వన్ అన్న మాట ఆ ప్రత్యయం తగిలించుకుని వన్స్ అయింది. విభక్తులు చాలావరకు రాలిపోయిన భాషలో ఆ ప్రత్యయం ఇప్పటికీ ‘ఎన్నిసార్లు’ అన్న లెక్క దగ్గర కాపలా కాస్తోంది. “హి వర్క్స్ నైట్స్” అన్నప్పటి నైట్స్ వెనకా అదే ఉంది. ఇవాళ ఇంగ్లీషువాళ్లు దాన్ని బహువచనంగానే వింటారు. మనమూ ‘రాత్రిళ్లు పనిచేస్తాడు’ అని బహువచనంతోనే అలవాటు చెబుతాం, ‘ప్రతి’ అక్కర్లేకుండానే.

‘వన్స్ ఎ వీక్’లోని ‘ఎ’ మరో వింత. చూడటానికి మామూలు ఆర్టికల్. పుట్టుకకు అది ‘ఆన్’ అనే ప్రిపొజిషన్. పాత ఇంగ్లీషులో రోజులో ఇన్నిసార్లు అనడానికి ఆన్ వాడేవారు. పలుకుబడిలో అరిగి అరిగి అది ‘ఎ’ అయింది, తర్వాతి తరాలు దాన్ని ఆర్టికల్ అనుకున్నాయి. కాబట్టి ‘వన్స్ ఎ వీక్’ మూడు చిన్న మాటల్లో పూర్తి యంత్రం: ఎన్నిసార్లు, ఎందులో, ఎంత కాలంలో. కొలిచే మాట, కలిపే మాట, గడువు చెప్పే మాట. ఎక్కడా పునరుక్తి లేదు.

మన దగ్గర బాగా వినిపించే ‘వీక్లీ వన్స్’, ‘మంత్లీ వన్స్’, ‘ఇయర్లీ ట్వైస్’ మాటలను దీని పక్కన పెట్టి చూడటం ఉపయోగం. వీటిని వెక్కిరించేవాళ్లు చాలామంది ఉన్నారు, కట్టడం అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ. ‘వారానికి ఒకసారి’ అనడంలో తెలుగుకి రెండు ముక్కలూ కావాలి. ‘వారానికి’ అన్నది గడువు మాత్రమే. ఆ గడువులో ఎన్నిసార్లో వేరే చెప్పాలి. తెలుగు మనిషి ఆ వరుస చెడకుండా ‘వారానికి’ బదులు వీక్లీ, ‘ఒకసారి’ బదులు వన్స్ పెట్టాడు. కూర్పు పక్కా తెలుగు కూర్పే. చిక్కల్లా ఏమిటంటే ఇంగ్లీషులో వీక్లీ ఒంటరిగా నిలబడితే అందులో ‘ఒకసారి’ కలిసే ఉంటుంది. వీక్లీ మ్యాగజీన్ అంటే వారానికొకటి వచ్చేదే. అందుకని “వి మీట్ వీక్లీ” అన్నా సరిపోతుంది, “వి మీట్ వన్స్ ఎ వీక్” అన్నా సరిపోతుంది. మందుల పెట్టెల మీద ‘వన్స్ వీక్లీ’ అని ఉంటుంది, అదీ శుద్ధమైన ఇంగ్లీషే. లెక్క ముందు వస్తే వీక్లీ తనలోని ‘ఒకసారి’ని వదులుకుని ఉత్త గడువుగా మారుతుంది, అందుకే ‘ట్వైస్ వీక్లీ’ కుదురుతుంది. మాటల వరుస తిప్పితే వీక్లీ పనే మారిపోతుంది.

అవతలి భాషకు పునరుక్తి అనిపించింది మనకు వ్యాకరణం కావడం కూడా ఉంది. అప్పుడప్పుడు, మాటిమాటికి, పదేపదే: ఒకే మాటను రెండుసార్లు పలికి తరచుదనాన్ని పుట్టించడం తెలుగు చేసే పని. రెండోసారి వచ్చినదాన్ని ఆమ్రేడితం అన్నారు మనవాళ్లు. ఇక్కడ రెండో ‘అప్పుడు’ను కోసేస్తే అర్థమే పోతుంది. ఇంగ్లీషులోనూ ‘అగైన్ అండ్ అగైన్’, ‘టైమ్ ఆఫ్టర్ టైమ్’ అదే బాపతు. అలసటో, పట్టుదలో, విసుగో ఆ రెండో అగైన్‌లోనే ఉంది. ‘రిపీట్ అగైన్’లోని అగైన్‌ను కొట్టేసే ఎడిటరే ‘అగైన్ అండ్ అగైన్’ను ముట్టుకోకుండా వదిలేస్తాడు.

ఈ చూపు ఒక్క రోజులో రాలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పిన విలియం స్ట్రంక్ 1918లో తన విద్యార్థుల కోసం అచ్చు వేయించుకున్న చిన్న పుస్తకంలో అనవసరపు మాటలు తీసేయమన్నది ముఖ్యమైన నియమం. ఆయన శిష్యుడు ఇ.బి. వైట్ సవరణలతో అది 1959లో మళ్లీ వచ్చింది, దాన్ని లోకమంతా చదివింది. ఇంగ్లండులో హెచ్.డబ్ల్యు. ఫౌలర్ 1926 నాటి తన వాడుక నిఘంటువులో ఒక్కో మాటనూ ఇలాగే పట్టి పట్టి చూశాడు. ప్రభుత్వోద్యోగి ఎర్నెస్ట్ గవర్స్ 1948లో ‘ప్లెయిన్ వర్డ్స్’ రాసి ఆఫీసు ఇంగ్లీషును తేలికపరిచే పని నెత్తికెత్తుకున్నాడు. పత్రికల డెస్కుల్లో ఇది మరీ నిక్కచ్చిగా నడుస్తుంది. అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం ‘ఫస్ట్ యాన్యువల్’ అన్న ప్రయోగాన్ని ఒప్పుకోదు. వరసగా కనీసం రెండేళ్లు జరిగితే గానీ ఒక ఉత్సవాన్ని యాన్యువల్ అనకూడదని దాని లెక్క. మొదటిసారి జరుగుతున్నదానికి తరచుదనం ఇంకా పుట్టలేదు కదా. ఇది చాదస్తమని నేననుకోను. మాటకు ఎంత నిజం మోసే హక్కుందో అంతే మోయించడం ఇది.

చట్టాల రచనలో ఈ విషయం ఇంకా లోతుకు వెళ్లింది. ‘ఫ్రమ్ టైమ్ టు టైమ్’ అన్న పదబంధం లేని చట్టం చూడటం కష్టం. ప్రభుత్వం ‘ఫ్రమ్ టైమ్ టు టైమ్’ నియమాలు చేయవచ్చు, ఉత్తర్వులివ్వవచ్చు అని రాస్తారు. దీని వెనక ఒక పాత భయముంది. ఒక అధికారాన్ని ఒకసారి వాడేస్తే అది అంతటితో ఖర్చయిపోయినట్టేనని ఇంగ్లండు న్యాయస్థానాల్లో ఒకప్పుడు వాదన ఉండేది. మళ్లీ మళ్లీ వాడుకోవాలంటే ఆ మాట చట్టంలోనే రాసుకోవాలి. ఈ చిక్కును ఒక్క దెబ్బతో విప్పారు. బ్రిటన్‌లో 1889 నాటి ఇంటర్‌ప్రిటేషన్ యాక్ట్, మన దేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ ఆ పని చేశాయి. మన చట్టంలో 14వ సెక్షన్ చెప్పేది ఇదే: కేంద్ర చట్టం ఏ అధికారమిచ్చినా, వేరే ఉద్దేశం కనబడకపోతే, దాన్ని అవసరాన్ని బట్టి ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు.

ఎంత అందమైన పొదుపో చూడండి. వందల చట్టాల్లో వేలసార్లు రాయాల్సిన తరచుదనపు మాటను ఒక్క చోట రాసి, మిగతా అన్ని చోట్లా దాన్ని అనవసరం చేశారు. సింపుల్ ప్రెజెంట్ క్రియ మాటల్లేకుండా అలవాటును మోసినట్టే, ఆ సెక్షన్ తర్వాత వచ్చే ప్రతి అధికారం ‘మళ్లీ మళ్లీ’ని తనలోనే మోస్తుంది. దాని మీద నమ్మకమున్న ముసాయిదా రచయిత ‘ఫ్రమ్ టైమ్ టు టైమ్’ రాయడు. అయితే ‘యాజ్ అమెండెడ్ ఫ్రమ్ టైమ్ టు టైమ్’ అన్నది వేరే సంగతి. ఒక చట్టాన్ని ప్రస్తావిస్తూ, ఇకముందు వచ్చే సవరణలతో సహా అని చెప్పడానికి అది వాడతారు. అదే పదబంధం, పని వేరు. దాన్ని 14వ సెక్షన్ తీర్చదు కాబట్టి దాని మీద కత్తెర పెట్టే ముందు ఆగాలి.

తగ్గించడం ప్రమాదమయ్యే చోట్లు కూడా ఈ విద్యలో భాగమే. ‘బైవీక్లీ’ ఒక్క మాటలో ముగిసే పొదుపైన పదం, కానీ దానికి నిఘంటువులు రెండర్థాలిస్తాయి: వారానికి రెండుసార్లు, రెండు వారాలకోసారి. జీతం గురించో సమావేశం గురించో అయితే ఈ రెండింటికీ నాలుగింతల తేడా. మనవాళ్లకు ‘ఫోర్ట్‌నైట్లీ’ అలవాటే, పక్షపత్రిక అన్న మాటా ఉంది. అమెరికాలో ఆ మాట చెల్లుబాటు తక్కువ. అక్కడున్న తెలుగువాళ్లు ఆఫీసు మెయిల్లో ‘ఎవ్రీ టూ వీక్స్’ అని మూడు మాటలు రాస్తే అదే సరైన పొదుపు.

మందుల చీటీ దగ్గర ఈ లెక్క ప్రాణాలదాకా వెళుతుంది. మన ఊళ్లలో డాక్టర్లు 1-0-1 అని రాసే పద్ధతి ఉంది. మూడు గళ్లు: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. అంకె చోటు వేళను చెబుతుంది, అంకె విలువ ఎన్ని మాత్రలో చెబుతుంది. ఇంగ్లీషు రానివాళ్లకూ చదవను వస్తుంది. రోజుకు రెండుసార్లు అన్నదాన్ని ఎక్కడా రాయలేదు, అయినా అది అందులో ఉంది. నేను చూసిన తరచుదనపు రాతల్లో ఇంత నిండైనది మరొకటి లేదు. దాని పక్కనే లాటిన్ పొట్టి అక్షరాలు ఉన్నాయి: రోజుకు రెండుసార్లకు బీడీ, మూడుసార్లకు టీడీఎస్. వీటిలో కొన్ని మరీ పొట్టివి కావడమే చిక్కు. రోజూ ఒకసారి అనడానికి రాసే క్యూడీ, రోజు విడిచి రోజు అనడానికి రాసే క్యూవోడీ చేతిరాతలో ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. ఓడీ అంటే కొందరు రోజుకోసారి అనుకుంటారు, కంటి వైద్యంలో అది కుడికన్ను. అందుకే అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొట్టి అక్షరాల జాబితా తయారుచేసి, అందులో క్యూడీ, క్యూవోడీలను చేర్చింది. మొదటిదాని బదులు ‘డైలీ’ అని, రెండోదాని బదులు ‘ఎవ్రీ అదర్ డే’ అని పూర్తిగా రాయాలని చెప్పింది. ఆ మూడు మాటల్లో దేన్ని తీసినా రోగి మింగే మాత్రల లెక్క మారుతుంది.